బిల్లు లేకుండా కొన్న గేదె

ఢిల్లీలో బిల్లు లేకుండా టీవీలు కొన్నవాళ్ళున్నారు, ఫ్రిజ్‌లు కొన్నవాళ్ళున్నారు, పెళ్ళికి పట్టుచీరలు కొన్నవాళ్ళయితే కోకొల్లలు. బిల్లు లేకుండా గేదెను కొన్న మనిషి మాత్రం, నాకు తెలిసి, ఆర్.కె. పురం మొత్తంలో నేనొక్కదాన్నే. అదీ ఆషామాషీ గేదె కాదు. రోహ్‌తక్ వైపు ముర్రా జాతి. కొమ్ములు జిలేబీ చుట్టల్లా, ఒళ్ళు నల్ల సిల్కు తానులా. పదహారు వేలు చెప్పినదాన్ని తొమ్మిదిన్నర వేలకు దించాను. ఆ బేరం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. అంత కళగా నేను ఇంకే తప్పూ చేయలేదు.

నేను పుట్టింది నరసరావుపేటలో, బట్టల కొట్ల వాళ్ళింట్లో. నాన్నది చీరల కొట్టు, పెదనాన్నది పంచెల కొట్టు, మేనమామది లుంగీలూ తువ్వాళ్ళూ. "బిల్లుతో అయితే ఎంత, బిల్లు లేకుండా అయితే ఎంత?" అన్న ప్రశ్న మా బజారులో నమస్కారం లాంటిది. అది అడగకుండా కొన్నవాణ్ణి చూసి జాలిపడేవాళ్ళం. పెళ్ళయి ఢిల్లీ వచ్చాక ఆ విద్యకు సరోజినీ నగర్ బజారులో సానపెట్టాను. తొంభైల మధ్యకొచ్చేసరికి మా క్వార్టర్స్‌లో తెలుగువాళ్ళు ఎవరు పరదా గుడ్డ కొన్నా, కుక్కర్ కొన్నా, వెంట నేను ఉండాల్సిందే. "వదినను తీసుకెళ్ళండి, వదిన అడిగితే కొట్టువాడు ఎదురిచ్చి పంపుతాడు" అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నేను రెండంగుళాలు పెరిగేదాన్ని.

గేదె మాట పెరుగు దగ్గర మొదలైంది. పాల బూత్‌లో టోకెన్ వేస్తే యంత్రంలోంచి కారే పాలను తోడేస్తే వచ్చేది పెరుగు కాదు, మజ్జిగకు దూరపు చుట్టం. మా క్వార్టర్స్‌కు పక్కనే మునిర్కా ఊరు. చుట్టూ నగరం పెరిగినా ఊరి సందుల్లో గేదెలు అలాగే ఉండిపోయాయి. అక్కడ పాలు పోసే ఆయనకు ఒక షెడ్డు, అందులో పదకొండు గేదెలు, ఇంట్లో ఎనిమిది మంది మనుషులు. ఆయన పాలు బాగుంటాయిగానీ కుళాయి ఆయనకూ దగ్గరే. అందుకని ఒక ఒప్పందం పెట్టాను. గేదె నాది, చోటూ మేతా ఆయనవి. పాలు చెరిసగం. నా సగం నా కళ్ళముందు పితకాలి.

పాలాయన మీసం దువ్వుకుని, "ఠీక్ హై బహన్‌జీ. పదకొండు నావి, పన్నెండోది మీది" అన్నాడు.

కొనడానికి ఆయనే రావలసింది. కానీ ఆయన గేదెల్లోనే ఒకటి ఆయన పాదం తొక్కింది. కట్టు కట్టుకుని మంచం మీద కూర్చుని తన బావమరిదిని నాతో పంపాడు. బావమరిదికి టెంపో ఉంది. పళ్ళూ, పొదుగూ, కాళ్ళూ చూడటం అతని వంతు, ధర నా వంతు.

రోహ్‌తక్ దగ్గరి సంతలో ఆ రోజు చీర కట్టుకున్నదాన్ని నేనొక్కదాన్నే. గేదెలమ్మే మనిషి నన్ను చూసి బావమరిదితో, "ఈమె కూడా అమ్మకానికా, చూడ్డానికొచ్చిందా?" అన్నాడు. అప్పుడే అతను అయిపోయాడు. పదహారు వేలన్నాడు. కొమ్ములో చిన్న పగులుంది, తగ్గించాను. దూడ లేదు, చచ్చిపోయిందట, దాణా చూపిస్తే పాలు చేపుతుందట; దానికీ తగ్గించాను. తోక పొట్టి అన్నాను. తోకతో పాలు పితుకుతారా అన్నాడు. పితకనిదానికి డబ్బెందుకివ్వాలన్నాను. చుట్టూ మనుషులు చేరారు. పదకొండు వేల దగ్గర అతను తలపాగా తీసి నేలమీద పెట్టాడు. ఇంక దిగనని ఒట్టు.

"ఇందులో కాగితం కూడా కలిసే ఉంది బహన్‌జీ. మూడు రోజులు ఇక్కడే కట్టేసి, డాక్టరుతో సూది పరీక్ష చేయించి, సర్టిఫికెట్ తీసి ఇస్తాను."

నా నోట్లోంచి మా వంశం మొత్తం మాట్లాడింది. "కాగితం లేకుండా అయితే ఎంత?"

అతను నేలమీది తలపాగా తీసి మళ్ళీ నెత్తిన పెట్టుకున్నాడు. "తొమ్మిదిన్నర."

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. అడగగానే దిగినవాడి దగ్గర సరుకు తీసుకోకూడదని మా నాన్న రోజుకొకసారైనా అనేవాడు. నాకా సమయంలో నాన్న గుర్తుకు రాలేదు. పదిహేను వందలు మిగిలాయన్నది ఒక్కటే గుర్తుంది. బావమరిది మాత్రం, "కాగితం ఏదో కొత్తగా అడుగుతున్నారంట" అని గొణిగాడు. "సేల్స్ టాక్స్ లాంటిదేలే భయ్యా" అన్నాను.

ఢిల్లీ సరిహద్దులో టెంపో ఆపారు. రోడ్డు పక్కన రేకుల గది, ముందు వెదురు అడ్డకర్ర, లోపల ఒక గుమాస్తా, ఒక కుర్ర పశువుల డాక్టరు. ఆ ఏడాది చుట్టుపక్కల కొన్ని షెడ్లలో పశువులకు క్షయ కనబడిందట. పరీక్ష కాగితం లేని ఆవునూ గేదెనూ అటునుంచి ఇటు రానివ్వడం లేదు.

"చూడండి డాక్టర్ సాబ్, ఎంత నిగనిగలాడుతోందో" అన్నాను.

"అదే దీంతో చిక్కు మేడమ్. ఏడాది పాటు నిగనిగలాడుతూనే ఉంటుంది. మూసేసిన షెడ్డులో పక్కదానితో ఒకే తొట్టిలో తింటుంది, దగ్గుతుంది. పైకి తెలిసేసరికి షెడ్డంతా పోతుంది. పచ్చిపాలు తాగితే ఇంట్లో పిల్లలకూ వస్తుంది. ఎక్కడ కడతారు దీన్ని?"

మునిర్కాలో పదకొండు గేదెల మధ్య అని చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు.

సరే, వెనక్కి వెళ్ళి ఆ మనిషికే అప్పజెబుదామని టెంపో తిప్పించాను. ఫర్లాంగు వెనక హర్యానా వాళ్ళ అడ్డకర్ర. వెళ్ళేటప్పుడు అక్కడి మనిషి టీ తాగుతూ మమ్మల్ని చూడలేదు. వచ్చేటప్పుడు చూశాడు.

"ఢిల్లీ వైపునుంచి వచ్చే పశువుకు ఢిల్లీ కాగితం కావాలి."

"ఢిల్లీలోకి వెళ్ళనేలేదు భయ్యా, మేము."

"వెళ్ళలేదని కాగితం ఉందా?"

నేను సరోజినీ నగర్‌ను ఏలినదాన్ని. అయినా అక్కడ టెంపో దిగిపోయాను. రెండు అడ్డకర్రల మధ్య ఫర్లాంగు రోడ్డు, ఒక తుమ్మచెట్టు, ఒక ధాబా. నా గేదె ఆ ధాబా వెనక స్థిరపడింది.

పరీక్ష కోసం ఫారం నింపాలన్నారు. దాన్ని ఏ చలిదేశం నుంచి నకలు కొట్టారోగానీ, జాతి అన్నచోట రెండే గళ్ళున్నాయి. ఒకటి ఆవు, రెండోది బైసన్. గేదెకు గడి లేదు.

"ఇది ఆవా?" అన్నాడు గుమాస్తా.

"కాదు."

"అయితే బైసన్."

"బైసన్ అంటే?"

"అమెరికాలో ఉంటుంది. అడవిదున్న లాంటిది."

"ఇది రోహ్‌తక్‌ది."

"ఊరికి వేరే గడి ఉంది మేడమ్, అది అక్కడ రాస్తాను" అని బైసన్ పక్కన టిక్కు పెట్టాడు. టిక్కు పెట్టాక నిబంధనలు చదివాడు. బైసన్‌ను తరలించేటప్పుడు కొమ్ములకు మెత్తటి గుడ్డ చుట్టాలి. దాన్ని రెచ్చగొట్టకూడదు. నా బైసన్ అప్పుడు ధాబావాడి ఉల్లితొక్కలు తింటోంది.

డాక్టరు దాని మెడమీద అరచేతి మేర వెంట్రుకలు గొరిగి, చర్మం మడతను ఇనప కొలబద్దతో కొలిచి, సూది వేశాడు. మూడోరోజు మళ్ళీ కొలుస్తానన్నాడు. ఆ మూడోరోజు మా ఆయనకు తలనొప్పని చెప్పి సెలవు పెట్టించి వెంట తీసుకెళ్ళాను. మా ఆయన కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరు. కాగితం విలువ తెలిసిన మనిషి కాబట్టి దారి పొడుగునా పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

"మూడు మిల్లీమీటర్లు ఉబ్బింది" అన్నాడు డాక్టరు. "రెండు దాటకపోతే పంపేవాణ్ణి. నాలుగైతే జబ్బే. ఇది మధ్యలో ఉంది."

మిల్లీమీటర్లంటే నాకు ధైర్యం వచ్చింది. కొలతల కొట్టులో పెరిగినదాన్ని. "రెండు వేసుకోండి డాక్టర్ సాబ్."

"వేసుకోవడమేంటి మేడమ్?"

"కొంచెం లాగి పట్టుకుని కొలవండి. గుడ్డైనా లాగి కొలిస్తే ఒకలా, వదిలి కొలిస్తే ఒకలా వస్తుంది."

"ఇది గేదె మెడ మేడమ్, లంగా గుడ్డ కాదు."

"పోనీ మీదీ కాదు, నాదీ కాదు. మధ్యలో తేల్చుకుందాం."

"మధ్యలోనే కదా తేలింది! అందుకే ఆరు వారాలు ఆగి మళ్ళీ పరీక్ష అంటున్నాను."

మా ఆయన తుమ్మచెట్టు వైపు తిరిగి నవ్వుకున్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అంత హాయిగా నవ్వడం అప్పుడే చూశాను.

ఆ ఆరు వారాలూ వారానికోసారి బస్సెక్కి సరిహద్దుకు పోయి నా గేదెను చూసొచ్చేదాన్ని. ధాబా ఆయన మహా ఘటికుడు. మేత ఖర్చు నాదన్నాడు. కట్టేసిన చోటుకు అద్దె అన్నాడు. పాలు డాక్టరు చెప్పినట్టు పొంగించి మరిగించి లారీవాళ్ళకు టీ పెట్టుకున్నాడు. నా పాలకు డబ్బేదని అడిగితే, "పితకడానికి కూలీ నేను మిమ్మల్ని అడిగానా ఆంటీజీ?" అన్నాడు. ఆ మాటకు ముచ్చటేసింది. మా బజారులో పుట్టాల్సినవాడు. వెళ్ళినప్పుడల్లా నాకో కప్పు టీ ఉచితంగా ఇచ్చేవాడు. నా గేదె పాలతో చేసిన టీ నాకు ఉచితంగా ఇచ్చి, థాంక్స్ చెప్పించుకునేవాడు.

ఇటు క్వార్టర్స్‌లో మెట్లమీద ఎవరు ఎదురైనా ఒకటే ప్రశ్న. "గేదె వచ్చిందా వదినా? గిన్నెలు కడిగి పెట్టుకున్నాం." వస్తోందనే చెప్పాను. రైలు లేటైందన్నట్టు చెప్పాను.

నాలుగో వారమో ఏమో, నేను ధాబా దగ్గరుండగా పాలాయన బావమరిది వచ్చాడు. కాలవగట్టు వెంబడి పొలాల్లోంచి ఒక దారుందట, మిట్టమధ్యాహ్నం భోజనాల వేళ అక్కడెవరూ ఉండరట. ఐదు వందలిస్తే గేదెను మునిర్కా చేరుస్తానన్నాడు. ఐదు వందలా! నేను ఊరుకుంటానా? కాలవ గవర్నమెంటుది, నడిచేది గేదె, నీదేముంది మధ్యలో అన్నాను. నూటయాభైకి ఒప్పించాను. దొంగదారికి కూడా రేటు తగ్గించగలిగానని ఆ సంబరంలో, గేదెను ఒకసారి తట్టి, ధాబా నుంచి నేరుగా మునిర్కా షెడ్డుకు పోయాను, చోటు సిద్ధం చేయమని చెప్పడానికి.

పాలాయన అప్పటికే సిద్ధం చేసి పెట్టాడు. కుంటుతూనే కొత్త గుంజ పాతాడు. అదీ చివర్లో కాదు, తన రెండు మేలైన గేదెల మధ్య. తొట్టి కడిగి ఉంది. ఆయన భార్య దిష్టి తాడు పేని ఉంచింది.

"మధ్యలో ఎందుకు భయ్యా, మూలన కడితే పోయేది."

"మీ గేదెను మూలన కడతానా? ఇజ్జత్ మాట."

అప్పటిదాకా నన్ను ఆయన కాగితం మాట అడగలేదు. అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి గట్టెక్కేదాన్నేమో. అదే నన్ను తొలిచింది. "ఆలస్యం ఎందుకైంది, పరీక్షలో ఏమొచ్చింది, ఏమీ అడగరేం?"

"మీరు కొన్నారు కదా బహన్‌జీ. ఈ కాలనీలో మీకు చెడ్డ సరుకు అంటగట్టినవాడు పుట్టలేదు. నాకు అదే కాగితం."

నేను పుట్టినప్పటినుంచీ ఏ మాట వినాలని బతికానో ఆ మాట అది. చెవికి ఎంత కమ్మగా ఉందంటే, ఇంకొక్క క్షణం అలాగే నిలబడి వినాలనిపించింది. పక్కన పదకొండు గేదెలు నెమరు వేస్తున్నాయి. ఆయన చిన్న కూతురు ఒకదాని పొదుగు కింద గిన్నె పట్టుకుని, పితికింది పితికినట్టే తాగుతోంది. మూతిమీద నురగ.

చెప్పేశాను. సంతలో కాగితం వద్దన్న సంగతి, పదిహేను వందలు మిగిల్చిన సంగతి, మూడు మిల్లీమీటర్లు, కాలవగట్టు దారి. నూటయాభైకి దించానని కూడా చెప్పాను, అలవాటు కొద్దీ.

ఆయన కోప్పడలేదు. నా చెప్పుల వంక చూశాడు. "మీరిప్పుడు ఎక్కడినుంచి వస్తున్నారు?"

"ధాబా నుంచి."

"దాన్ని ముట్టుకున్నారా?"

"తట్టాను."

"వెనక్కి నడవండి బహన్‌జీ. అలాగే, దేన్నీ తాకకుండా. ఆ, ఇంకా వెనక్కి. సందు మొదటిదాకా."

సందు మొదట నన్ను నిలబెట్టి, బకెట్లో ఫినాయిల్ కలిపి నా చెప్పులమీద పోశాడు. చీర కుచ్చిళ్ళమీద కూడా పోశాడు. ఊరివాళ్ళు చూస్తున్నారు. ఆయన భార్య గుమ్మంలోంచి, "బిల్లు లేకుండా చీరలు కొంటారు సరే, గేదెను కూడానా!" అంది. పాలాయన వెళ్ళి కొత్త గుంజ పీకి బయట పడేశాడు. అప్పుడు బావమరిదిని పిలిచి తిట్టిన తిట్లకు తెలుగులో మాటలున్నాయిగానీ నేను రాయను. ఆ రోజునుంచి గేదెతో పాటు నాకూ సరిహద్దు పడింది. ఆ సందు మొదలు దాటి లోపలికి రాకూడదు. నేను డబ్బిచ్చి కొనే పాలు అక్కడికే తెచ్చి పోసేవాడు.

ఆరు వారాలయ్యాక డాక్టరు మళ్ళీ సూది వేసి, మళ్ళీ మూడోరోజు కొలిచాడు. ఈసారి కొలబద్ద చూడకుండానే నాకు తెలిసింది. మెడమీద ఉసిరికాయంత గడ్డ. నేను బేరమాడలేదు. డాక్టరు నా నోటివంక చూస్తూ కాసేపు ఆగాడు, అడుగుతానేమోనని. తర్వాత రాసుకున్నాడు.

జబ్బు తేలిన పశువును ఎక్కడపడితే అక్కడ ఉంచకూడదు, ఎక్కడికీ కదలనివ్వకూడదు. ఈ రెండూ ఒకే కాగితం మీద ఉన్నాయి. అమ్మిన మనిషి, "నేనెప్పుడు అమ్మాను? బిల్లు చూపించండి" అన్నాడట. ధాబా ఆయన అప్పుడే అద్దె పెంచాడు. హర్యానా వైపు జబ్బు పశువుల్ని వేరుగా ఉంచే సర్కారు షెడ్డుందిగానీ నిండిపోయిందన్నారు.

మమ్మల్ని ఆదుకున్నది గుమాస్తా. ఫారం తిరగేసి, "ఇది బైసన్ కదా!" అన్నాడు. ఆ నకలు కొట్టిన నిబంధనల ప్రకారం సర్కారు షెడ్డులో బైసన్‌లకని ఒక గది విడిగా కట్టారట. హర్యానాలో బైసన్ లేదు కాబట్టి కట్టిన నాటినుంచీ ఖాళీ. హర్యానా అడ్డకర్ర మనిషి కూడా ఈసారి అభ్యంతరం చెప్పలేదు. గేదెలను ఆపమని ఉత్తర్వుందిగానీ, బైసన్‌ను ఆపమని అతని దగ్గర ఏ ఉత్తర్వూ లేదట.

నిబంధన నిబంధనే కాబట్టి కొమ్ములకు గుడ్డ చుట్టమన్నారు. నా పాత వెంకటగిరి చీర ఒకటి చింపి చుట్టాను, జరీ అంచు పైకి వచ్చేలా. దాణా చూపించగానే అది ఎవరినీ రెచ్చగొట్టకుండా టెంపో ఎక్కింది. లారీవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని లేచి నిలబడి చూశారు. దానికి విడిగా గది, రోజూ మేత, పితికేవాడు లేడు, తొక్కేవాడు లేడు. మా క్వార్టర్స్‌లో మాకైతే రెండు గదులే, పైగా నీళ్ళు పొద్దున ఒక గంట.

ఆ రాత్రి భోజనాలయ్యాక మా ఆయన, "ఎంతైందే మొత్తం?" అన్నారు. పాత కాలెండరు వెనక రాశాను.

గేదె: తొమ్మిది వేల ఐదు వందలు. టెంపో, రాను ఒకసారి, బైసన్‌గా పోను ఒకసారి: ఏడు వందలు. ధాబా ఆయనకు మేత, అద్దె: పంతొమ్మిది వందలు. పరీక్ష రుసుము రెండుసార్లు: యాభై. బస్సు టిక్కెట్లు: నూట అరవై. చీర పాతది, వేయలేదు. కాలవగట్టు దారికి నూటయాభై ఇవ్వలేదు కాబట్టి అదీ వేయలేదు. మొత్తం పన్నెండు వేల మూడు వందల పది. జమ వైపు, ధాబాలో తాగిన టీ ఆరు కప్పులు, కప్పు రెండు రూపాయల చొప్పున పన్నెండు.

"పాలాయన గేదెలు పదకొండూ బాగానే ఉన్నాయిగా, అవి కూడా జమ వైపు రాసుకో" అన్నారు మా ఆయన. నన్ను ఓదార్చడానికే అన్నారు, తెలుసు. రాయలేదు. అవి నావి కావు. రాని నష్టాన్ని లాభం కింద రాసుకున్నవాళ్ళ కొట్లు మా బజారులో నా కళ్ళముందే మూతపడ్డాయి. సందు మొదట ఆయన పోసే పాలలో ఇప్పుడు నీళ్ళు కాస్త ఎక్కువే ఉంటున్నాయి. అడిగే మొహం లేదు కాబట్టి ఆ నీళ్ళకూ లెక్క కట్టలేదు.

నికర నష్టం పన్నెండు వేల రెండు వందల తొంభై ఎనిమిది రూపాయలు. కాగితంతో కొని ఉంటే పదకొండు వేలు.